మెచ్చుకోలు వద్దు, పేరు రాయండి

(సంఘం మండల మహాసభలో ఒక మహిళా కౌలు రైతు చేసిన ప్రసంగం. ఆమె మాటల్లోనే ఇస్తున్నాం.)



ఇందాక మన కార్యదర్శి అన్న నన్ను పిలుస్తూ "మగాడిలా సేద్యం చేస్తున్న అక్క ఇప్పుడు మాట్లాడుతుంది" అన్నాడు. మీరంతా చప్పట్లు కొట్టారు. అన్న అభిమానంతోనే అన్నాడు, మీరూ అభిమానంతోనే కొట్టారు. నాకేం కోపం లేదు. కానీ నాకిచ్చిన ఈ కాసేపూ ఆ ఒక్క మాట మీదే మాట్లాడతాను.

మాది పల్నాడులో మెట్ట ఊరు. కుడికాల్వ నీళ్లు మా చేల దాకా రావు. బోరే దిక్కు. సొంతానికి అరెకరం, కౌలుకి మూడెకరాలు. మిరప, పత్తి వేస్తాం. ఆ అరెకరం కూడా మా మామగారి పేరు మీదే ఉంది. ఇంట్లో అత్త, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి పిల్లాడు. వేళకాని వేళ మోటారు వేసేది నేనే. వీపున పంపు కట్టుకుని మందు కొట్టేది నేనే. మా చేలో పని లేని రోజు ట్యాంకుకి ఇంత అని మాట్లాడుకుని ఇంకొకరి చేలో మందు కొట్టడానికి కూలికి కూడా పోతాను.

ఇవి నేను ముచ్చటపడి నేర్చుకున్న పనులు కావు. 2021-22లో మిరప మీద పడ్డ నల్ల తామర పురుగు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పూత పూతంతా రాలిపోయింది. దుకాణంలో ఏ డబ్బా చేతిలో పెడితే అది తెచ్చి కొట్టాం. ఇరవై సార్లు పైనే కొట్టాం. ఎకరానికి నాలుగు టిక్కీలు కూడా కల్లానికి రాలేదు. కౌలు ముందే కట్టేశాం. అప్పు నాలుగు లక్షలు దాటింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. మిరపలో పోయింది మిరపలోనే రావాలని మరుసటి ఏడు మా ఆయన మళ్లీ అదే వేశాడు. డిసెంబరులో ఒక రాత్రి మోటారు ఆడటం లేదని చేనికి పోయాడు. స్టార్టర్ డబ్బా రేకుకి కరెంటు దిగింది. ఎర్తు లేదు. కాళ్లు బోదె తడిలో ఉన్నాయి. తెల్లారి మేం వెళ్లి చూసేసరికి అయిపోయింది.

మీ చేత కళ్లనీళ్లు పెట్టించాలని ఇది చెప్పడం లేదు. ఈ హాల్లో మీకు తెలిసిన వాళ్లలో స్టార్టర్ దగ్గరో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, తెగిపడ్డ తీగ మీద కాలు పెట్టో పోయిన మనిషి ఒక్కరు కూడా లేనివాళ్లు చెయ్యెత్తండి. చూశారా, ఎన్ని చేతులు లేచాయో!

అందుకే అడుగుతున్నాను. మా ఆయన మగాడే కదా. మగాడిలా పని చేస్తూనే కదా పోయాడు. ఆ పని మగాళ్ల పని అయితే కరెంటు ఆయన్ని ఎందుకు వదల్లేదు? మనం ప్రాణం తీసే పనికి "మగ పని" అని పేరు పెట్టుకున్నాం. చేసేవాడు పోతే "ఖర్మ" అన్నాం. పోయినవాడి పెళ్లాం అదే పనికి దిగితే "ధైర్యం" అంటున్నాం. మొదటి మాటా, రెండో మాటా, మూడో మాటా ఏదీ ఆ డబ్బాకి ఎర్తు వేయించలేదు.

కావాల్సింది ధైర్యం కాదు, ఎర్తు

పదకొండో రోజు అయిపోయింది. చేలో కాయ ఎర్రబడుతోంది. ఇంకో రెండు తడులు కావాలి. "ఆడమనిషివి, రాత్రి పూట ఏం పోతావు, చేను వదిలెయ్" అన్నారు ఊళ్లో. చేను వదిలేయొచ్చు. అప్పు నన్ను వదులుతుందా? పిల్లల ఫీజు వదులుతుందా?

ఆ డబ్బా మీద చెయ్యి వెయ్యడానికి ముందు మోటారు మెకానిక్‌ని పిలిపించి ఎర్తు వేయించాను. గొయ్యి తీసి, రాడ్డు దింపి, బొగ్గు, ఉప్పు వేసి, తీగ తెచ్చి డబ్బాకి బిగించాడు. దానికైన ఖర్చు మూడెకరాల మిరపకి ఒక్కసారి మందు కొట్టే ఖర్చు కంటే తక్కువ. నిలబడే చోట పొడి చెక్క వేశాను. రబ్బరు చెప్పులు లేకుండా, చెయ్యి తుడుచుకోకుండా డబ్బా ముట్టను. టెస్టరు నా దగ్గరే ఉంటుంది. ఫ్యూజు పోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోను. లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాను, పలక్కపోతే 1912కి చేస్తాను. "మగాళ్లయితే తామే వేసేసుకుంటారు, ఈవిడ లైన్‌మన్ కోసం కూర్చుంది" అని నవ్వినవాళ్లున్నారు. నవ్వనీండి. ఒక తడి ఆలస్యమైతే నాలుగు కాయలు పోతాయి. నేను పోతే నా పిల్లలకి ఇంకెవరూ లేరు.

రాత్రి దారి సంగతి కూడా చెప్పాలి. పాము ఆడామగా చూడదు. చేతికర్ర, టార్చి, కాలికి బూటు ఉండాలి. కాటేస్తే మంత్రాలకి పోవద్దు, తాడు బిగించి కట్టొద్దు, కోసి నెత్తురు తియ్యొద్దు. కాలు కదపకుండా 108 ఎక్కి ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. కానీ ఆడదానికి చీకట్లో పాము కంటే మనిషి భయం ఎక్కువ. ఈ మాట ఇక్కడ కాకపోతే ఎక్కడ చెప్పాలి? కరెంటు పగటి పూట ఇవ్వమని మనం ఏళ్ల తరబడి అడుగుతున్నాం. ఆ కోరిక పక్కన ఇంకో వాక్యం రాయండి: రాత్రి కరెంటు ఇస్తే రాత్రి చేనికి పోయే వాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారని.

మందు కొట్టే పని ఎవరిది?

ఇక మందు సంగతి. మందు కొట్టడం మగ పని అంటారు. ఆడవాళ్లలో చాలామందికి అసలు సంగతి తెలుసు. పంపు మోసేది మగాడైతే బిందెలతో నీళ్లు తెచ్చేది ఎవరు? డబ్బా మూత తీసి బకెట్‌లో కలిపేది ఎవరు? నీళ్లు కలపని మందు చేతి మీద పడితే ఎంత ప్రమాదమో కదా! సాయంత్రం ఆ మందు చొక్కా, ఆ మందు లుంగీ ఉతికేది ఎవరు? మందు కొట్టిన మర్నాడే కలుపు తియ్యడానికి ఆ సాళ్లలో వంగేది ఎవరు? విషం ఎప్పటి నుంచో మన ఇద్దరి ఒంట్లోకీ పోతోంది. కూలి లెక్క మాత్రం పంపు మోసినవాడికే ఉంది.

నేను పంపు ఎత్తుకున్నాక కూలి లెక్క ఇంకో రకంగా తిరిగింది. ట్యాంకు అదే, మందు అదే, ఎకరం అదే. "ఆడ కూలి" అని తగ్గించి ఇవ్వబోయారు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే ఈ దేశంలో చట్టం వచ్చింది. ట్యాంకుల లెక్కన మాట్లాడుకుని తీసుకుంటున్నాను. అది కూడా మొదటి ఏడాది అడిగి అడిగి సాధించుకున్నదే.

మన ప్రాంతానికి మందు కొత్త కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడ్డప్పుడు, కొట్టిన మందు పని చెయ్యక, అప్పులపాలై రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా పురుగు మారింది, డబ్బా మారింది, ధర మారింది. మందు కొట్టే మనిషి ఒంటి మీద గుడ్డ మాత్రం మారలేదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ, ఆ గాలి పీల్చి ఇరవై మందికి పైగా రైతులూ కూలీలూ చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లు మందు తాగలేదు. చేలో పని చేశారు, అంతే.

సంఘం క్లాసులో మాకు చెప్పారు. 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. మందుతో పని చేసేవాళ్లకి తగిన రక్షణ దుస్తులు ఉండాలని, ఎలా వాడాలో శిక్షణ ఇవ్వాలని ఆ నిబంధనల్లోనే ఉంది. డబ్బా మీద పలకలాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అయితే తక్కువ. తక్కువంటే లేదని కాదు. చదువు రానివాళ్లు కూడా ఆ రంగు చూసి తెలుసుకోవచ్చు. ఎరుపు డబ్బా దుకాణదారు ఇస్తుంటే "దీని బదులు ఇంకోటి లేదా" అని అడగొచ్చు.

ఇప్పుడు నేను ఏం కట్టుకుంటానో చెప్తాను. చీర మీద మా ఆయన ఫుల్ చేతుల చొక్కా, కింద ఆయన ప్యాంటు. తలకి గుడ్డ. కళ్లద్దాలు, మాస్కు, చేతి తొడుగులు కొన్నాను. బజారులో దొరికే తొడుగు మగాళ్ల చేతి కొలత. నా చేతికి వదులై మందు లోపలికి కారుతుంది. బూట్లూ అంతే. తువాలు మూతికి కట్టుకుంటే చాలనుకుంటారు చాలామంది. తువాలు మందు గాలిని ఆపదు. తడిసిందంటే మందుని తెచ్చి ముక్కు దగ్గరే పెడుతుంది.

గాలికి ఎదురు కొట్టను. మిట్టమధ్యాహ్నం కొట్టను. నాజిల్‌ని నోటితో ఊదను. అయిపోగానే అక్కడే సబ్బుతో కడుక్కుని, ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతుకుతాను. చెమటలు ధారగా పోసినా, నోట్లో నీళ్లూరి చొంగ కారినా, చూపు మసకబారినా, కండరాలు అదిరినా, ఊపిరి ఆడకపోయినా ఎండ దెబ్బ అనుకుని గట్టు మీద పడుకోవద్దు. చేలో నుంచి బయటికి రావాలి. బట్టలు విప్పి ఒళ్లు సబ్బుతో కడగాలి. 108 పిలవాలి. మందు డబ్బా తప్పకుండా వెంట తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు దానికి తగ్గ విరుగుడు ఇవ్వగలడు. పారాక్వాట్ అనే గడ్డి మందు ఒంట్లోకి పోతే విరుగుడే లేదు. దాని జోలికి పోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు డ్రోన్లు వస్తున్నాయి. మహిళా సంఘాలకి డ్రోన్లు ఇచ్చే పథకం కేంద్రం 2023లో తెచ్చింది. మంచిదే. పంపు వీపు మీద నుంచి దిగితే నాకంటే సంతోషించేవాళ్లు ఎవరు? కానీ అది ఊరూరికీ వచ్చేదాకా, మా బోటి కౌలు చేలకి అందుబాటు ధరలో వచ్చేదాకా ఈ పంపులు మోసేది మేమే. మా కొలత తొడుగులు, మా కొలత బూట్లు రైతు సేవా కేంద్రంలో ఉంచమని అడగడం పెద్ద కోరిక ఏమీ కాదు.

కాగితంలో లేని రైతు

ఇంత చేసినా నేను రైతుని కాదు. కాగితం ప్రకారం కాదు.

అరెకరం పాస్‌బుక్కు మామగారి పేరు. ఆయన పోయి ఎనిమిదేళ్లైంది, మార్పిడి కాలేదు. మూడెకరాల కౌలుకి కార్డు లేదు. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలకి ఒప్పందం రాసుకుంటే సాగుదారుకి కార్డు ఇస్తారు. భూమి హక్కుకి ఏ ఇబ్బందీ లేదని ఆ చట్టంలోనే ఉంది. కానీ యజమాని సంతకం పెట్టాలి. మా ఆయన అడిగితే "చూద్దాంలే" అన్నాడు ఆ యజమాని. నేను అడిగితే "నీకెందుకమ్మా ఈ కాగితాల గోల" అన్నాడు. అడ్వాన్సు కౌలు మాత్రం నా చేతుల మీదుగానే తీసుకున్నాడు. అప్పుడు నేను ఆడదాన్నన్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు.

కార్డు లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. బ్యాంకు అప్పు రాదు, వడ్డీ వ్యాపారే గతి. ఈ-పంటలో సాగుదారుగా నా పేరు ఎక్కకపోతే, పంట పోయిన ఏడు వచ్చే నష్టపరిహారం చేనుకి రాని మనిషి ఖాతాలో పడుతుంది. రేపు మందు కొడుతూ నేనే పడిపోతే నా వృత్తి కాలమ్‌లో "గృహిణి" అని రాస్తారు. వీపు మీద ఇరవై కిలోల బరువుతో పోయినా గృహిణే!

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దేశంలో 6 కోట్లకు పైగా ఆడవాళ్లు వ్యవసాయ కూలీలు, మూడున్నర కోట్లకు పైగా ఆడవాళ్లు సాగుదారులు. కమతాల లెక్క చూస్తే, 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్ల పేరున ఉన్నవి నూటికి 14 మాత్రమే. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ మన ఆంధ్ర రాష్ట్రం 1985లోనే దారి చూపింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. చట్టం వచ్చి నలభై ఏళ్లయినా పాస్‌బుక్కులో కూతురి పేరు, కోడలి పేరు ఎన్ని ఇళ్లలో ఉంది? దుక్కి నుంచి కోత దాకా పనిచేసే ఆడవాళ్లని రైతులుగా గుర్తించాలని స్వామినాథన్ గారు రాజ్యసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఈ 2026 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి మహిళా రైతుల సంవత్సరంగా ప్రకటించింది. సంతోషం. సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. శాలువా కప్పుకుని మందు కొట్టలేం కదా!

ఈ సభని అడిగేవి

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మన తీర్మానాల్లో ఉన్నాయి. నేను ముందు మన సంఘాన్నే అడుగుతున్నాను. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు బయటివాళ్లుంటే ఉండొచ్చు. మనం అలా ఉండకూడదు.

ఒకటి. సభ్యత్వం ఇంటికి ఒకటి అని, అదీ మగవాళ్ల పేరున రాయడం ఆపండి. చేలో పనిచేసే ఆడమనిషి పేరున విడిగా సభ్యత్వం రాయండి. మా ఆయన పోయిన రోజు సంఘం వాళ్లంతా వచ్చారు, దండ వేశారు, దగ్గరుండి అన్నీ చూశారు. ఆ మేలు మర్చిపోను. కానీ ఆయన పేరు కొట్టేసిన పుస్తకంలో నా పేరు ఎక్కడానికి ఏడాదిన్నర పట్టింది.

రెండు. కౌలు కార్డు కోసం యజమాని దగ్గరికి ఒంటరి ఆడమనిషి పోతే పని కాదు. ఖరీఫ్ మొదలవ్వక ముందే సంఘం తరఫున పదిమంది కలిసి పోదాం. యజమానులతో తగువు పెట్టుకోమనడం లేదు. చట్టంలో ఏముందో వాళ్లకి చదివి వినిపిద్దాం. ఈ-పంట నమోదు రోజున కూడా సాగు చేసే మనిషి చేలో నిలబడి ఉండేలా చూద్దాం.

మూడు. ప్రతి ఊళ్లో ఒక రోజు పెట్టుకుని బోర్లన్నీ తిరుగుదాం. ఏ స్టార్టర్‌కి ఎర్తు ఉంది, దేనికి లేదు, ఏ తీగ కిందికి వేలాడుతోంది, ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి కంచె లేదు అని రాసుకుందాం. మన చేతిలో ఉన్నవి మనమే బాగు చేసుకుందాం. శాఖ చెయ్యాల్సినవి జాబితా రాసి, రసీదు తీసుకుని ఇద్దాం.

నాలుగు. మందు కొట్టే శిక్షణకి ఆడవాళ్లని కూడా పిలవండి. పిలుపు మగవాళ్లకి చేరి, కలిపే పని మాత్రం మాకు మిగిలితే ఆ శిక్షణ సగమే. సంఘం డబ్బుతో ఊరికి రెండు రక్షణ సెట్లు, అందులో ఒకటి చిన్న కొలతది కొందాం.

అన్నలకి ఒక్క మాట. ఈ నాలుగూ ఆడవాళ్ల కోరికలని పక్కన పెట్టొద్దు. ఎర్తు వేస్తే మీ ప్రాణమే ముందు నిలబడుతుంది. తొడుగు వేసుకుంటే మీ ఊపిరే ముందు బాగుపడుతుంది. ఈ పనులకి భయం లేకుండా పోయిన రోజున నా బోటి దాన్ని చూసి ఎవరూ చప్పట్లు కొట్టక్కర్లేదు.

బయట భోజనాల దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. మూడు గడులు గీశాం. మొదటి గడిలో మీ ఇంట్లో చేలో పనిచేసే ఆడమనిషి పేరు, అత్త అయినా, భార్య అయినా, కోడలైనా. రెండో గడిలో కౌలు కార్డు ఉందా లేదా. మూడో గడిలో మీ స్టార్టర్‌కి ఎర్తు ఉందా లేదా. తెలియకపోతే "చూడాలి" అని రాయండి. వచ్చే నెల సమావేశానికి ఆ పుస్తకం పట్టుకుని నేనే వస్తాను. విస్తరి ముందు కూర్చునే ముందు ఒక్క నిమిషం ఆగి రాసి వెళ్లండి.

సెలవు.